ఇంట కట్టుకొను ఎగురుయంత్రము: జైరోప్లేను

తాటియాకును రెండు వ్రేళ్ల వెడల్పున చీల్చి, అడ్డముగ మడిచి, నడుమ తుమ్మముల్లు గ్రుచ్చి, ఒక పుల్లకు తగిలించుకొని పరుగెత్తని బాలుడు మన గుడియాత్తము ప్రాంతమున అరుదు. తమిళ బాలురు దానిని కాత్తాడి యందురు. మన ఇండ్లలో కొందరు గిలక యనియు, కొందరు గాలిమర యనియు చెప్పుదురు. దానిని త్రిప్పునది ఏది? చేయి త్రిప్పుట లేదు. పుల్ల త్రిప్పుట లేదు. పరుగెత్తుటచే ఎదురుగాలి పుట్టుచున్నది. ఆ గాలి ఆకును త్రిప్పుచున్నది. పరుగు నిలిచిన, గిలకయు నిలుచును. ఈ యొక్క సంగతిని మనస్సున పట్టుకొన్నవారికి జైరోప్లేను సగము తెలిసినట్లే. తక్కిన సగము కొంచెము కష్టము. ప్రాణాపాయము ఆ సగమునందే దాగియున్నది గనుక, ఈ వ్యాసమున దానికే ఎక్కువ చోటు ఇచ్చుచున్నాము.

జైరోప్లేనును దూరమునుండి చూచినవారు హెలికాప్టరని భ్రమపడుదురు. రెంటికిని తలపై పెద్ద పంకా తిరుగుచుండును. ఆ పంకాకు రోటారని పేరు. పోలిక అంతటితో సరి. హెలికాప్టరునందు యంత్రశక్తి నేరుగా రోటారును త్రిప్పును. న్యూటను మూడవ సూత్రమును తొమ్మిదవ తరగతివారు చదివియే యుందురు. యంత్రము రోటారును ఒక వైపునకు త్రిప్పిన, రోటారు ఆ యంత్రమును, దానితో కూడ మనిషి కూర్చున్న గూటిని, ఎదురువైపునకు త్రిప్పజూచును. దానిని ఆపుటకై తోకకొనయందు మఱియొక చిన్న పంకా కావలెను. ఆ పంకాను త్రిప్పుటకు పొడవైన ఇరుసు, పండ్లచక్రములు కావలెను. పెద్ద రెక్కల వాలును చుట్టు తిరుగు ప్రతిసారియు మార్చుటకు మీటలు, కీళ్లు కావలెను. ఇన్నిటిలో ఏ యొక్కటి విరిగినను తక్కినవి నిరుపయోగములు. హెలికాప్టరు ఇంట కట్టదగిన వస్తువు కాదని మా నిశ్చితాభిప్రాయము.

జైరోప్లేను ఎగురునపుడు యంత్రమునకును రోటారునకును సంబంధమే లేదు. యంత్రము వీపువెనుకనున్న ప్రొపెల్లరును మాత్రమే త్రిప్పి బండిని ముందునకు త్రోయును. రోటారు కొంచెము వెనుకకు వాలి, తన ఇరుసుపై స్వేచ్ఛగ నుండును. బండి ముందునకు పోవుటచే పుట్టిన గాలి క్రిందినుండి పైకి రోటారు గుండ పోవును. రోటారు తనంతట తాను తిరుగును. దీనికి స్వయంభ్రమణమని పేరు పెట్టుకొందము. యంత్రము త్రిప్పుట లేదు గనుక ఎదురుత్రిప్పుడు లేదు. తోకపంకా అక్కఱ లేదు.

ఇచట తెలివిగల విద్యార్థి యొక ప్రశ్న వేయవలెను. గిలక ఆకులు గాలికి బాగుగ ఏటవాలుగ నుండును. గాలి వానిని ప్రక్కకు త్రోసివేయును. జైరోప్లేను రెక్కలో, ఇంచుమించు అడ్డముగ, రెండు మూడు డిగ్రీల వాలుతో, అదియు ముందంచు పైకెత్తి యుండును. అట్టి రెక్కను క్రిందినుండి వచ్చు గాలి వెనుకకు త్రోయవలెను గాని, ముందునకెట్లు నడుపును?

దీనికి జవాబు పుస్తకమునకంటె ఆకాశమున సులభముగ దొరకును. వేసవి మధ్యాహ్నమున మన చుట్టునున్న కొండలపై గద్దలు రెక్క ఆడింపక జారుచుండును. నిశ్చలమైన గాలిలో జారు గద్ద నెమ్మదిగ దిగుచుండును; దిగుటచే గాలి దాని రెక్కను కొంచెము క్రిందినుండి తాకును; అయినను గద్ద ముందునకే పోవును. ఏలయన, రెక్కపై పుట్టు ఎత్తుబలము గాలి వచ్చు దిక్కునకు లంబముగ నుండును. గాలి కొంచెము క్రిందినుండి వచ్చుచున్నది గనుక ఆ బలము నిట్టనిలువుగ నుండక కొంచెము ముందునకు వాలును. ఆ వాలుటయే గద్దను ముందునకు లాగును. జైరోప్లేను రెక్క యనగా ఇరుసుకు కట్టివేయబడిన గద్ద. తిన్నగ పోలేదు గనుక అది చుట్టు తిరుగును. రెక్క నడిమిభాగమున ఈ లాగుడు ఎక్కువ. కొనయందు వేగము మిక్కుటమగుటచే గాలి అడ్డగింపు ఎక్కువ. రెండును సరిపోయినచోట రోటారు వేగము నిలకడ చెందును.

మన కావ్యములలో తఱచుగ పేర్కొనబడు మాధవీలత కాయకు మూడు రెక్కలుండును. అది ఎండి రాలునపుడు గిరగిర తిరుగుచు దిగును. కొండలపై పెరుగు జాలారి చెట్టు కాయయు అట్టిదే. తల్లిచెట్టు నీడనే పడిపోక, గాలివాటున దూరముగ పోవుటకై ఈ గింజలు స్వయంభ్రమణమును మనకంటె ఎన్నో యుగములకు పూర్వమే వాడుకొన్నవి.

దీనిని మనుష్యుడు ఎక్కదగిన యంత్రముగ మార్చినవాడు స్పెయిను దేశీయుడగు హువాన్ దె లా సియెర్వా. అతడు నిర్మించిన పెద్ద బాంబరు విమానమొకటి 1919లో నేలకు సమీపమున వేగము పోగొట్టుకొని కూలిపోయెను. మామూలు విమానమునకు రెక్క బిగింపబడి యుండుటచే, విమానము మెల్లనైనచో రెక్కయు మెల్లనగును, ఎత్తుబలము పోవును. విమానము మెల్లనైనను రెక్క మాత్రము వేగముగనే కదలుచుండునట్లు చేయలేమా యని సియెర్వా ఆలోచించెను. రెక్కనే చుట్టు త్రిప్పవలెనని అతనికి తోచెను.

తోచుట సులభమే. అతడు కట్టిన మొదటి మూడు యంత్రములును సరిగ ఎగురలేకపోయినవి. పరుగెత్తగనే ఒక ప్రక్కకు ఒరిగిపోయెడివి. కారణము లెక్కవేసి చూడవచ్చును. 6.1 మీటర్ల వ్యాసముగల రోటారు నిమిషమునకు 400 సార్లు తిరుగుచున్నదనుకొందము. దాని కొన వేగము సెకనుకు 128 మీటర్లు. బండి గంటకు 72 కిలోమీటర్లు, అనగా సెకనుకు 20 మీటర్లు, ముందునకు పోవుచున్నదనుకొందము. ఎదురుగాలిలోనికి పోవు రెక్కకొనకు గాలివేగము 128కి 20 కలిసి 148 అగును. ఆవలిప్రక్క వెనుకకు మరలు రెక్కకొనకు 128లో 20 పోయి 108 అగును. ఎత్తుబలము వేగవర్గమునకు అనులోమముగ నుండును. కావున ఆ రెండు కొనలయొద్ద ఎత్తుబలముల నిష్పత్తి 1కి 1.88. ఒక ప్రక్క ఇంచుమించు రెట్టింపు ఎత్తుబలమున్న బండి ఒరగక ఏమగును?

సియెర్వాకు చిక్కు విడిపించినది ఒక చిన్న నమూనా. దాని రెక్కలకు పేము వాడియుండిరి. పేము వంగును. పెద్దయంత్రములు ఒరిగిపోవుచుండ, ఈ బొమ్మ మాత్రము తిన్నగ ఎగిరెను. రెక్క మొదట వంగు కీలు ఉండవలెనని అతడు గ్రహించెను. ఎదురుగాలిలోనికి పోవు రెక్క ఎక్కువ బలముచే పైకి లేచును, లేచుటచే గాలి దానిని తాకు కోణము తగ్గును, బలము తగ్గును. వెనుకకు మరలు రెక్క క్రిందికి వాలును, కోణము పెరుగును, బలము పెరుగును. రెండును తమంతట తామే సరిపడును. 1923 జనవరిలో మాడ్రిడు సమీపమునగల హెటాఫే మైదానమున ఈ కీళ్ల రోటారు గల యంత్రము ఎగిరెను. 1928 సెప్టెంబరు 18న సియెర్వా స్వయముగ నడుపుచు, ఒక తోడివానిని ఎక్కించుకొని, ఇంగ్లీషు కాలువను దాటెను. తన యంత్రమునకు అతడు పెట్టిన పేరు ఆటోజైరో. అతడు 1936 డిసెంబరు 9న క్రాయిడనులో మామూలు ప్రయాణికుల విమానమొకటి కూలగా మరణించెను; అతని ఆటోజైరోలలో కాదు.

తరువాత వచ్చినవారు కీలును ఇంకను సులభము చేసిరి. రెండే రెక్కలుంచి, రెంటిని ఒకే దూలముగ కలిపి, నడుమ ఒక్క ఇరుసుపై నిలిపిరి. పాలారు, కౌండిన్య నదుల ఒడ్డు పొలములలో ఏతము త్రొక్కుట చూచిన పెద్దలకు ఇది వేరుగ చెప్పనక్కఱ లేదు. ఏతపుమాను ఒక కొన లేచిన మఱియొక కొన దిగును. ఈ రోటారు తిరుగుచున్న ఏతము. ఒక రెక్క లేచునంత మఱియొకటి దిగును.

ఈ సులభపు రోటారు ఇండ్లలోనికి వచ్చిన త్రోవ విచిత్రమైనది. రెండవ ప్రపంచయుద్ధమున జర్మనీ జలాంతర్గాములు యంత్రములేని రోటారు గాలిపటమును వెనుక త్రాటితో లాగుచు, దానిపై ఒక నావికుని కూర్చుండబెట్టి, నూరు మీటర్లకు పైగ ఎత్తునుండి శత్రునౌకలను కనిపెట్టించెడివి. ఇంగ్లండులో రౌల్ హాఫ్నరు సైనికులను దింపుటకై రోటాచూటు అను చిన్న రోటారు బండిని చేసెను. రష్యాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇగోర్ బెన్సెన్ ఈ యంత్రములను పరిశీలించి, 1954లో తాడుతో లాగదగిన బండిని, 1955 డిసెంబరులో యంత్రముగల బండిని ఎగురవేసెను. జైరోకాప్టరను పేరు అతడు పెట్టినదే. అతని ఘనత యంత్రమును కనిపెట్టుట కాదు. చేతిపనిముట్లు గల సామాన్యుడు తన కొట్టములో కట్టుకొనునట్లు కొలతలతో పటములు గీసి, తపాలాలో అమ్మెను. వేలకొలది జనులు వానిని కొనిరి. 1962లో అట్టి వారు కలిసి ఒక సంఘమును స్థాపించుకొనిరి.

బెన్సెన్ బీ-8ఎమ్ అను బండి కొలతలు చూడుడు. బండి బరువు 112 కిలోగ్రాములు. మనిషితోను ఇంధనముతోను గరిష్ఠము 227. రోటారు వ్యాసము 6.1 మీటర్లు. యంత్రము 72 అశ్వశక్తుల మెకలక్. ఫిరంగిదళముల గుఱికి ఎగురవేయు మనిషిలేని విమానములకై చేయబడినది. మన రోడ్లపై తిరుగు మోటారుసైకిలు ఒకదాని బరువుకంటె ఈ బండి తేలిక యనిన ఆశ్చర్యము కలుగును. నడుమ ఒక అడ్డదూలము, దానిపై ఒక స్తంభము, ముందు ఒక ఆసనము, వెనుక యంత్రము, క్రింద మూడు చక్రములు, చివర ఒక చుక్కాని, పైన రోటారు. దూలమును స్తంభమును రెండంగుళముల చదరపు అల్యూమినియము గొట్టముతో చేయుదురు. చేతిలోని నడుపుకఱ్ఱ రోటారు తలనే వాల్చును. తల ఎటు వాలిన బండి అటు పోవును. కాళ్లు చుక్కానిని త్రిప్పును.

ఇంత తేలికయగుటచే, లేతుపనియు వెల్డింగుపనియు తెలిసిన మన ఊరి కుఱ్ఱవాడు దీనిని చూచి, ఇది నాకొక లెక్కా యనుకొనుట సహజము. చేతిపనిలో అతడు ఎవరికిని తీసిపోడు. అయితే అతనికి ఒక లెక్క చెప్పవలసియున్నది. ఒక్కొక్క రెక్క బరువు 10 కిలోగ్రాములు, దాని గరిమనాభి ఇరుసునుండి ఒకటిన్నర మీటరు దూరమున నున్నదనుకొందము. నిమిషమునకు 400 చుట్లు అనగా సెకనుకు 41.9 రేడియనులు. దాని వర్గము 1755. పదిని 1755తోను, ఒకటిన్నరతోను గుణించిన ఇంచుమించు 26,300 న్యూటనులు వచ్చును. అనగా 10 కిలోల రెక్క తన మొదటనున్న బోల్టులను 2,700 కిలోల బరువు వ్రేలాడదీసినట్లు లాగుచుండును. ఎగురుచున్నంతసేపును లాగును. అంగడిలో తూకమునకు అమ్ము బోల్టును ఆ చోట బిగించుట ఉరిత్రాటిని పేనుకొనుటయే. విమానములకై పరీక్షించి ముద్రవేసిన బోల్టు, సూది గ్రుచ్చి కదలకుండ చేయు నట్టు, ఎన్ని గంటలకొకసారి మార్చవలెనో వ్రాసిన పుస్తకము, ఇవి ఉండవలెను. వెల్డింగు చేసిన ఉక్కు అదరుటచే అతుకుప్రక్కన పగులును. ఆ పగులు కంటికి కనబడునప్పటికి ఆలస్యమగును. రెక్క అడ్డకొలతలో గరిమనాభి ముందంచునుండి నాల్గవవంతునకు వెనుక పడినచో, రెక్క గాలిలో తనంతట తాను మెలితిరిగి విఱుగును. రెక్కలు చేయుట అన్నిటికంటె కష్టమని, అవి మాత్రము కొనుట మంచిదని, పెక్కుమంది అనుభవజ్ఞులగు నిర్మాతలు తలచుదురు. మేమును ఆ పక్షమువారమే.

కట్టుటకంటె నడుపుట అపాయకరము. మూడు సంగతులను విడివిడిగ తెలిసికొనవలెను.

మొదటిది నేలపైననే జరుగును. రోటారు మెల్లగ తిరుగుచుండగ బండిని తొందరపడి వేగముగ పరుగెత్తించిన, వెనుకకు మరలు రెక్కకు చాలినంత గాలివేగముండదు, అది పడిపోవును, ఎదురు రెక్క ఎగిరి లేచును. ఏతము పట్టుదప్పి కొట్టుకొన్నట్లు రెక్కలు తోకను, ప్రొపెల్లరును కొట్టును. కావున పాతకాలపు చిన్నబండ్లలో రోటారును ముందు చేతితో త్రిప్పి, పిమ్మట మెల్లమెల్లగ పరుగు పెంచెడివారు. నేటి బండ్లలో పెక్కింటికి నేలమీద నున్నపుడు మాత్రము రోటారును త్రిప్పుటకు యంత్రముతో తాత్కాలికపు జోడింపు ఉండును. ఎగురుటకు ముందే దానిని విడదీయుదురు.

రెండవది, యంత్రము ఆగినచో ఏమగునన్నది. జైరోప్లేను గొడుగువలె దిగునని వినుచుందుము. అది సగము నిజము. రోటారు తిరుగుట ఆగదు, నిజమే. కాని 227 కిలోల బరువు 29 చదరపు మీటర్ల వృత్తముపై వ్రేలాడుచు నిట్టనిలువుగ దిగిన, దిగుడువేగము సెకనుకు సుమారు 10 మీటర్లగును. అది 5 మీటర్ల మేడపైనుండి నేలపై పడినదానితో సమానము. సుఖముగ దిగవలెనన్న ముందునకు వేగముంచుకొని జారుచు వచ్చి, నేలకు దగ్గర ముక్కు ఎత్తి, రోటారునందు దాగిన శక్తిని ఖర్చుపెట్టి ఆగవలెను. అట్లు చేసినచో కొద్ది మీటర్ల చోటు చాలును. ఆ ముక్కు ఎత్తు క్షణము ఎప్పుడని పుస్తకము చెప్పలేదు. ప్రక్కన కూర్చున్న గురువు చెప్పవలెను.

మూడవది ఎక్కువమందిని చంపినది. రోటారు తిరుగుట బరువుపై ఆధారపడియున్నది. బండి బరువు క్రిందికి లాగుచున్నంతవఱకే గాలి రోటారుగుండ క్రిందినుండి పైకి పోవును. వేగముగ ఎగురుచు, పైకెక్కి, వెంటనే నడుపుకఱ్ఱను ముందునకు త్రోసినచో, గుట్టదారిలో బస్సు ఎగిరినపుడు మనము ఆసనమునుండి లేచునట్లు, ఒక్క క్షణము బరువు తేలిపోవును. రోటారుపై భారము పోవును, అది మందగించును, రెక్కలు ఊగిసలాడును. అదే క్షణమున వెనుక ప్రొపెల్లరు త్రోయుచునే యున్నది. దాని త్రోపురేఖ బండి గరిమనాభికి పైగ నున్నచో, ఇంతవఱకు రోటారు వెనుకలాగుడు దానిని సరిపుచ్చుచుండెను. ఇపుడు ఆ లాగుడు లేదు. ప్రొపెల్లరు బండిని తలక్రిందుగ బోర్లద్రోయును. కన్నుమూసి తెఱచులోపల ఇది జరిగిపోవును. తిరిగి సరిచేయుటకు వీలులేదు. ఆశ్చర్యమేమనగా, మామూలు విమానమును నడుప నేర్చినవారే కొందరు ఇట్లు మరణించిరి. విమానము మెల్లనైనపుడు కఱ్ఱను ముందునకు త్రోయుమని వారి చేతులకు అలవాటు. జైరోప్లేనునందు ఆ అలవాటే శత్రువు. బెన్సెన్ పాతనమూనాలో చాలినంత అడ్డతోక లేకపోవుట ఒక లోపమని పిమ్మట తేలెను. నేటి నమూనాలలో పెక్కింట పెద్ద అడ్డతోకను, త్రోపురేఖను గరిమనాభికి చేరువగ నుంచుటను చూడవచ్చును. పాతపటములు దొరికినవని వానినే పట్టుకొని కట్టుట తగదు.

సొంతముగ విమానము కట్టుట మన దక్షిణదేశమునకు క్రొత్త గాదు. మద్రాసు మౌంటురోడ్డున హోటలు నడిపిన జాకొమో డాంజెలిస్ తన ఊహ ప్రకారము విమానమును సింప్సను బండ్ల కర్మాగారమున చేయించి, 1910 మార్చిలో మద్రాసు ప్రజలకు ఎగిరి చూపెను. అది గుఱ్ఱపుబండ్లు చేయు వడ్రంగుల చేతిపని. మన కాలమున అమోల్ యాదవ్ అను విమానచోదకుడు ముంబయిలో తన మేడమీద ఆరుగురు కూర్చుండదగిన విమానమును కట్టి, 2016లో ప్రదర్శించెను. ఏండ్లతరబడి కచ్చేరీల చుట్టు తిరుగగా 2017 నవంబరులో దానికి రిజిస్ట్రేషను లభించెను. అతడు ముందే విమానము నడుప నేర్చిన వాడను సంగతి మఱవరాదు.

ఇంకొక సంగతి చెప్పుటకు మనసు రాకున్నను చెప్పక తప్పదు. 2021 ఆగస్టులో మహారాష్ట్రమున యవత్మాళ్ జిల్లాలో ఒక పల్లెటూరి యువకుడు తాను కట్టిన హెలికాప్టరును నేలపై నిలిపి రాత్రివేళ పరీక్షించుచుండెను. వయస్సు 24 ఏండ్లు, వృత్తి వెల్డింగు. తోకపంకా విఱిగి పెద్దపంకాకు తగిలెను. పెద్దపంకా అతనికి తగిలెను. అతడు మరణించెను. బండి నేలను విడువనే లేదు. అతని పేరు వ్రాయుట మాకిష్టము లేదు. అతడు తెలివితక్కువవాడు కాడు, ఒంటరివాడు. ఆ యంత్రము తిరుగుచుండగా దాని దరినుండరాదని, ముందు ఇసుకమూటలకట్ట వెనుకనుండి త్రాటితో నడిపి చూడవలెనని, చెప్పువారెవరును అతని ప్రక్కన లేకపోయిరి.

మన దేశమున మనుష్యుని మోయు ఏ ఎగురుయంత్రమైనను, ఇంట కట్టినదైనను, రిజిస్ట్రేషను లేక ఎగురవేయరాదు. నడుపువానికి లైసెన్సు ఉండవలెను. ఈ వ్యవహారము పౌరవిమానయాన మహానిర్దేశాలయమునకు చెందినది. 1934 నాటి విమానచట్టము స్థానమున 2025 జనవరి 1 నుండి భారతీయ వాయుయాన్ అధినియమము అమలులోనికి వచ్చినది. చట్టము మాట అటుంచినను, మన భూమియొక్క గుణము కూడ చూడవలెను. వేలూరునకు పడమట అబ్దుల్లాపురమున పాత చిన్న విమానాశ్రయమున్నది. ఎండిన పాలారు ఇసుకను చూచి అదియు అట్టి మైదానమే యని కొందరు బాలురు అనుకొందురు; అచట మెత్తని ఇసుకలో చక్రము దిగబడును, గట్టుపై కరెంటుతీగలుండును. రాయవేలూరు ఎండ ప్రసిద్ధము. సముద్రమట్టమున 15 డిగ్రీలయందు ఘనమీటరు గాలి 1.225 కిలోగ్రాములు తూగును. వేలూరున 40 డిగ్రీల ఎండలో అది సుమారు 1.10 మాత్రమే. పదవవంతు గాలి పోయినట్లే. రోటారుకు పట్టు తక్కువ. యంత్రము పీల్చు గాలియు పలుచనిదే. చల్లని దేశమున వ్రాసిన పుస్తకము నూరు మీటర్ల పరుగు చాలునన్నచో, మన వైశాఖమాసపు మధ్యాహ్నమున అది చాలదు. పైగ ఆ వేళనే సుడిగాలులు లేచును.

ఇవన్నియు చదివి, మేమేమి చేయవలెనని అడుగు విద్యార్థులకు, ఖర్చులేని పరీక్ష యొకటి చెప్పుచున్నాము. 20 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పుగల కాగితపు ముక్కను తీసికొనుడు. పైనుండి నిలువుగ నడుమ 10 సెంటీమీటర్లు కత్తిరించి, వచ్చిన రెండు చీలికలను ఒకటి ముందునకు, ఒకటి వెనుకకు మడువుడు. అవి రెక్కలు. క్రిందిభాగమును సన్నముగ మడిచి, కొనకు కాగితములు పట్టు క్లిప్పు నొకటి తగిలింపుడు. మేడమీది పిట్టగోడనుండి, ఒక పెద్దవారు ప్రక్కనుండగా, దానిని విడువుడు. ముగ్గురు గడియారములతో కాలము కొలిచి సగటు కట్టుడు.

మొదట కొద్దిదూరము తిన్నగ పడి, పిమ్మట తిరుగనారంభించుట గమనింపుడు. తిరుగుటకు ముందు గాలి కావలెను. రెక్కల మడతను తాఱుమాఱు చేసిన, తిరుగు దిక్కు మాఱును. రెండు క్లిప్పులు తగిలించిన, ఎక్కువ వేగముగ తిరుగుచు ఎక్కువ వేగముగ దిగును. మూడు, నాలుగు తగిలించి, బరువునకును దిగుడు కాలమునకును గ్రాఫు గీయుడు. చివరకు క్లిప్పులన్నియు తీసివేసి, ఆ కాగితమునే తలక్రిందుగ పట్టుకొని విడిచి చూడుడు. అది వెంటనే తిరుగదు; కొంతదూరము ఇటునటు కొట్టుకొని, తిరుగబడి, సరియైన వైపు దొరికినపుడే తిరుగును. మేడమీదినుండి విడిచిన కాగితమునకు ఆ కొంతదూరము దొరకును.